ఎనభై ఏడో నంబరు అరుపు

జూన్ 2

ఆరు వారాలు మాట్లాడకూడదట. గుసగుస కూడా వద్దట. మామూలు మాటకన్నా గుసగుసే గొంతుకి ఎక్కువ చేటట. జీవితంలో నేను ఎక్కువగా చేసింది అదే, ఆ సంగతి డాక్టరమ్మకి చెప్పలేదు.

స్వరతంతువుల మీద రెండు బుడిపెలు. కంప్యూటర్ తెర మీద చూపించింది. పెసరగింజలంత కూడా లేవు.

"ఏం పని చేస్తారు?" అంది.

"చచ్చిపోతుంటానండీ."

రాస్తున్న పెన్ను ఆపింది.

"డబ్బింగ్. గుంపులో గొంతు. ఈమధ్య ఒక టీవీ సిరీస్ మొదటి ఎపిసోడ్‌లోనే పద్దెనిమిది సార్లు పోయాను."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఫారంలో లెక్చరర్ అని రాశారు?" అంది.

పాత అలవాటు. ఆ కాలేజీ నన్ను వదిలించుకుని ఆరేళ్ళయింది, నా చేతికి ఇంకా కబురందలేదు.

ఎవరితోనో ఒకరితో వాదించకపోతే నాకు తోచదు. ఈ ఆరు వారాలూ ఇక్కడ, నాతోనే.

జూన్ 3

అమ్మాయి అటక మీంచి తన చిన్నప్పటి పలక దింపి ఇచ్చింది. సుద్దముక్కలు రెండు డబ్బాలు కొనుక్కొచ్చింది. "ఇక నువ్వు ఎంత తిట్టినా చదివితేనే కదా" అంది. పదిహేడేళ్ళు వచ్చాయి, నోరు మాత్రం నలభై దాటింది.

పద్దెనిమిదిసార్లు ఎలా చస్తావని అడిగింది. సగం పలక మీద, సగం చేతులతో చెప్పాను. ఎపిసోడ్‌లో నాలుగు వందల మంది ఉంటారు. మేం నలుగురం. మైకు చుట్టూ నిలబడి ఒకసారి అరుస్తాం. రెండడుగులు వెనక్కి వేసి ఇంకోసారి. గోడవైపు తిరిగి ఇంకోసారి. రికార్డిస్ట్ వాటన్నిటినీ ఒకదాని మీద ఒకటి పరుస్తాడు. నలుగురం నాలుగు వందలమవుతాం. దగ్గరగా కనిపించే మొహాలకి మాత్రం ఒక్కొక్కరం విడిగా ఇవ్వాలి. అలా నా వాటాకి పద్దెనిమిది చావులు వచ్చాయి.

ఆట చిన్నపిల్లల కుర్చీలాటే. పెద్ద హాలు, నంబర్లు కుట్టిన చొక్కాలు, సంగీతం. పాట ఆగేసరికి కుర్చీ దొరకనివాళ్ళ కింద నేల తెరుచుకుంటుంది. అంతే సంగతి. నాలుగు రౌండ్లు.

పద్దెనిమిదీ కాక ఇంకొకటి కూడా ఇచ్చాను, ఎనభై ఏడో నంబరు అమ్మాయికి. ఆ అమ్మాయి చావదు. అరుస్తుంది. ఒకటే టేక్. పొట్టలోంచి గాలి తీసుకుని వదిలాను, అంతే. అది అయ్యాక రికార్డిస్ట్ హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి, కాసేపు మళ్ళీ పెట్టుకోలేదు. డబ్బింగ్ ఇన్‌ఛార్జ్ మాత్రం అద్దం అవతలనుంచి బొటనవేలు ఎత్తాడు. "సూపర్ మేడమ్, ఇది దాచుకుందాం" అన్నాడు.

టెక్నిక్. అంతే.

జూన్ 5

అమ్మాయి వాళ్ళ నాన్న ఫోన్. మాట్లాడకూడదు కాబట్టి ఎత్తలేదు. ఆరు నెలలుగా ఎత్తడం లేదనుకో.

జూన్ 8

కూరగాయలు తరుగుతున్నాను. ముందు గదిలో అమ్మాయి ఫోన్లో ఏదో చూస్తోంది. హఠాత్తుగా ఆ అరుపు. చాకు జారింది. వేలికేమీ కాలేదు.

"అమ్మా! ట్రైలర్ వచ్చింది. ఇది నువ్వే కదా?" పరిగెత్తుకొచ్చి మళ్ళీ పెట్టింది.

నేనే. ఎనభై ఏడు అరుపే. కానీ తెర మీద ఎనభై ఏడు లేదు. ఎవరో పొడుగు జడ ఆవిడ నేలలోకి పడిపోతోంది. కాసేపటికి మళ్ళీ అదే అరుపు, ఈసారి ఎర్రద్దాల కళ్ళజోడావిడ. చివర్లో చీకటి తెర, సిరీస్ పేరు, దాని మీద మళ్ళీ అదే.

"మూడుసార్లు వేశారు చూడు! మా క్లాసులో అందరూ దీని గురించే. మా అమ్మ గొంతు అని చెప్పనా?"

పలక మీద 'వద్దు' అని రాశాను.

"ఎందుకు?"

పలక తుడిచేశాను. ఎందుకో నాకు తెలిస్తే కదా.

నాకేం కోపం లేదు. ఒకరి అరుపు ఇంకొకరికి వెయ్యడం ఈ పనిలో మామూలే. నేనూ ఎన్నోసార్లు చూసి ఊరుకున్నాను.

జూన్ 9

స్టూడియోకి వెళ్ళాను. మెట్ల దగ్గర ఎప్పటిలాగే చెప్పుల కుప్ప. లోపల ఏసీ చలి, పాత తివాచీ వాసన. ఇన్‌ఛార్జ్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. అతను లేచాడంటే ఏదో సంతకం కావాలన్నమాట.

"మీ గురించే అనుకుంటున్నాం మేడమ్! గొంతెలా ఉంది? మాట్లాడకండి, మాట్లాడకండి. అన్నీ నేనే మాట్లాడతాను."

మాట్లాడాడు. నాలుగు పేజీల కాగితం ముందు పెట్టాడు. చదివాను. ఇంతవరకు రికార్డు చేసిన నా 'సంభాషణలు, అరుపులు, ఏడుపులు, నవ్వులు, దగ్గులు, నిట్టూర్పులు సహా సమస్త ధ్వనులు' వాళ్ళవి. ఏ ఎపిసోడ్‌కైనా, ఏ సిరీస్‌కైనా, ఎన్నిసార్లైనా.

పలక తీశాను. 'దగ్గులు కూడానా?'

"హహ, లాయర్ల భాష మేడమ్. నిజానికి ఇది మీకే మంచిది. ఇంకో తొమ్మిది ఎపిసోడ్లు ఉన్నాయి. మళ్ళీ అరవక్కర్లేదు. మీరు ఇంట్లో హాయిగా కూర్చుంటారు, మీ పేరు టైటిల్స్‌లో పడుతూనే ఉంటుంది. మిగతా ముగ్గురూ పెట్టేశారు."

'87 అరుపు 87కే ఉంచండి. మిగతావి మీ ఇష్టం' అని రాశాను.

చదివి నా మొహంలోకి చూశాడు, నేనేదో జోక్ వేశానన్నట్టు.

"అది అన్నిటికంటే బాగుంది కదా మేడమ్. అందుకే కదా వాడేది!"

'అది చచ్చేవాళ్ళ అరుపు కాదు.'

"అరుపుకి అన్ని తేడాలేముంటాయి మేడమ్? ఇరవయ్యో తారీకు ప్రివ్యూ. సంతకం పెట్టి అక్కడికి తెచ్చెయ్యండి. లేకపోతే రెండో ఎపిసోడ్‌నుంచి వేరేవాళ్ళని చూసుకోమంటున్నారు పైవాళ్ళు. నా చేతిలో ఏమీ లేదు."

చేతిలో పెన్ను ఉంది. నావైపే పట్టుకుని ఉన్నాడు.

జూన్ 10

అతను చెప్పినదాంట్లో తప్పేముంది? గొంతు పాడైంది. కొత్తగా అరవలేను. ఉన్నవి వాడుకుంటామంటున్నాడు. పద్దెనిమిది చావుల్ని ఎవరికి వేసుకున్నా నాకు పట్టదు. ఎవరి చావు ఎవరికైతేనేం! ఒక్క అరుపు కోసం పని పోగొట్టుకోవడం పౌరుషమా, మూర్ఖత్వమా? కాలేజీలో పిల్లలు ఇలాంటి ప్రశ్న అడిగితే రెండు వైపులా రాయమనేదాన్ని. రాశాను కూడా, పలక మీద, గీత గీసి. ఎడమవైపు పలక చాల్లేదు. కుడివైపు ఒకే మాట. దాన్ని అమ్మాయి చూడకముందే తుడిచేశాను.

జూన్ 11

సంతకం పెట్టేస్తాను.

జూన్ 12

పెట్టలేదు. పెన్ను రాయలేదు. (రాసింది.)

జూన్ 14

బాబాయ్ వచ్చాడు. మాకు బంధువేమీ కాదు, మా నలుగురిలో పెద్దాయన, ముప్ఫై ఏళ్ళుగా మైకు ముందు చస్తున్నవాడు. నన్ను పంతులమ్మా అంటాడు. పలక పట్టుకుని తలుపు తీసేసరికి గుమ్మంలోనే నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఇన్నాళ్ళకి అసలైన పంతులమ్మవయ్యావు! బెత్తం ఎక్కడ?"

టీ ఇచ్చాను. ఊదుకుంటూ తాగాడు. "ఈ గొంతుతో రెండు వేలసార్లు పోయుంటానమ్మా. కత్తిపోట్లు, రైళ్ళు, పులులు, ఒకసారి తేనెటీగలు కూడా. ఒక్కసారైనా ఏ డైరెక్టరైనా స్వర్గం చూపించాడా? పాడు. పడిపోగానే కట్."

కాగితం గురించి రాశాను.

"పెట్టేశానమ్మా. చదవలేదు కూడా. కళ్ళజోడు మర్చిపోయి వెళ్ళాను." కప్పు కిందపెట్టాడు. "మర్చిపోయి అంటే, కావాలనే మర్చిపోయాననుకో."

కప్పు అడుగున మిగిలిన చక్కెర వేలితో తీశాడు.

తర్వాత అన్నాడు: "నిన్న పూర్తి ఎపిసోడ్ చూశాను, రికార్డిస్ట్ దగ్గర. ఒక సంగతి చెప్పనా? మూడో రౌండ్‌లో నీ అరుపు ఆ పొడుగు జడావిడకి వేశారు. అది సరే. ఆవిడ పడిపోయేది వెనకాల. ముందు ఎవరున్నారో తెలుసా? ఎనభై ఏడే. కుర్చీలో కూర్చునుంది, తెరంతా దాని మొహమే. పెదాలు బిగబట్టి ఉంది. నోరు మూసుకున్న పిల్ల అరుపు వెనకనుంచి వస్తోందమ్మా. ఈ పని చేసేవాడికి తప్ప ఎవడికీ తెలియదు. నాకైతే ఒళ్ళు జలదరించింది."

'ఎవరికైనా చెప్పావా?'

"సంతకం పెట్టినవాణ్ణి, నాకెందుకులే అనుకున్నాను." లేచి చెప్పులు వేసుకున్నాడు. మళ్ళీ వెనక్కి తిరిగాడు. "ఇంతకీ ఆ రోజు ఆ అరుపు ఎక్కణ్ణుంచి తెచ్చావు పంతులమ్మా? నాలుగేళ్ళుగా నీ పక్కన నిలబడుతున్నాను. అలాంటిది నీ దగ్గర ఉందని నాకు తెలియదు."

'టెక్నిక్' అని రాశాను.

"అలాగే" అన్నాడు. నమ్మనప్పుడు ఆయన అలాగే అంటాడు.

జూన్ 17

రాస్తాను. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ?

మొదటి రౌండ్‌లో ఎనభై ఆరు, ఎనభై ఏడు అక్కచెల్లెళ్ళు. పాట ఆగుతుంది. ఇద్దరి మధ్యా ఒకటే కుర్చీ. ఎనభై ఆరు చెల్లెలి రెండు భుజాలు పట్టి కుర్చీలోకి నొక్కేస్తుంది. తను నిలబడే ఉంటుంది. నేల తెరుచుకుంటుంది. స్క్రిప్టులో 'చెల్లెలు భయంతో అరుస్తుంది' అని రాసుంది. భయమెందుకు? ఆ పిల్లకి కుర్చీ దొరికింది కదా. తెర మీద ఆ రెండు చేతులు భుజాల మీద పడేవరకూ నాకూ అలాగే అరవాలని ఉంది, మామూలుగా.

చిన్నప్పుడు కుర్చీలాటలో నేనెప్పుడూ ఓడిపోలేదు. చాలా చురుకైనదాన్ని అనుకునేదాన్ని. పాట ఆగేముందు అక్క ఒక అర అడుగు వెనకబడేదని పెద్దయ్యాక కూడా చాలా కాలం నాకు తోచలేదు.

ఇంటికి రెండు కాలేజీ అప్లికేషన్లు వచ్చాయి. చదివించగలిగేది ఒక్కరినే. అక్క తనది చింపి పొయ్యి అంటించింది. "నాకు పుస్తకం చూస్తే నిద్రొస్తుందే, నువ్వెళ్ళు" అంది. నేను సెలవులకి ఇంటికి తెచ్చిన ప్రతి పుస్తకంలో పేజీల మధ్య పసుపు మరకలు ఉండేవి, వంటింటి వేళ్ళవి. ఎం.ఏ. ఫిలాసఫీ పుస్తకాల్లో కూడా. నేను చూశాను. అడగలేదు. అడిగితే చోట్లు మార్చుకోవలసి వస్తుందని.

నేను ఒక్కసారి కూడా 'వద్దు' అనలేదు. ఆ మాట ఎంతసేపు పడుతుంది? రెండక్షరాలు.

కిందటి ఏడు ఆస్పత్రిలో అక్క గదికి ఒకటే కుర్చీ. ఎవరు వచ్చినా వాళ్ళకి ఇచ్చి నేను నిలబడేదాన్ని. ఆఖరి రోజు మధ్యాహ్నం కళ్ళు తెరిచి, మొదట కుర్చీని చూసి, తర్వాత నన్ను చూసింది. "కూర్చోవే. కాళ్ళు నొప్పెడతాయి" అంది. కూర్చున్నాను.

అంతే. ఇంకేం మాట్లాడలేదు.

నేను ఏడవలేదు. వరండాలో ఎవరో అన్నారు, చదువుకున్న మనిషి కదా, ఎంత నిబ్బరం అని. పదకొండు నెలలు నిబ్బరంగానే ఉన్నాను. తర్వాత స్టూడియోలో, ఏసీ చలిలో, తెర మీది ఇద్దరు నటీమణుల ముందు, ఒకటే టేక్.

దాన్ని 'దాచుకుందాం' అన్నాడు.

అది పడిపోయేవాళ్ళ అరుపు కాదు. కూర్చున్నవాళ్ళది. పొడుగు జడకీ, కళ్ళజోడుకీ, చీకటి తెరకీ ఇవ్వను. దగ్గులు తీసుకోండి. నిట్టూర్పులు బోలెడున్నాయి, తీసుకోండి. అది మాత్రం ఇవ్వను.

జూన్ 18

అమ్మాయి అడిగింది, ప్రివ్యూకి తనూ రావచ్చా అని. పలక మీద 'రా' అని రాశాను. తర్వాత ఈ పుస్తకంలో నిన్నటి పేజీ తెరిచి తన ముందు పెట్టి, పంపు కట్టడానికి వెళ్ళాను. పంపు కారడం లేదు.

తిరిగొచ్చేసరికి పుస్తకం మూసి ఉంది. నా సుద్దముక్కలు చెక్కి మొనలు తీసిపెట్టింది.

జూన్ 20

ఇంటికొచ్చి గంటయింది. చెప్పులు కూడా విప్పలేదు.

మధ్యాహ్నం షో. చిన్న ప్రివ్యూ హాలు. ముందు వరసలు ఛానల్ వాళ్ళకి, నటులకి. డబ్బింగ్ వాళ్ళకి చివరి వరస. ఇన్‌ఛార్జ్ తలుపు దగ్గరే చెయ్యి చాపాడు. "తెచ్చారా మేడమ్?" సంచీ తట్టి చూపించాను. సంతోషించాడు.

మొదటి రౌండ్. రెండు చేతులు, రెండు భుజాలు. ఎనభై ఏడు నోరు తెరిచింది, నా అరుపు దాని నోట్లోంచి వచ్చింది. అక్కడ అది సరిగ్గా ఉంది. ఎంత సరిగ్గా ఉందంటే అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది. గర్వపడ్డాను, దాచడమెందుకు? మంచి పనే చేశాను.

మూడో రౌండ్. తెరంతా ఎనభై ఏడు మొహం, బిగిసిన పెదాలు. వెనకాల పొడుగు జడ పడిపోయింది. అరుపు.

లేచి నిలబడ్డాను.

ఎవరూ చూడలేదు. చివరి వరసలో లేస్తే ఎవరు చూస్తారు? వెనకాల గోడ ఒక్కటే. నాలుగేళ్ళుగా ఇదే కదా, అరిచినా నిలబడినా ఎవరికీ కనబడను. ఒక్క క్షణం కూర్చుందామనే అనుకున్నాను. మోకాళ్ళు వంగాయి కూడా.

అప్పుడు కాళ్ళు నడిచాయి. నడవలోంచి ముందుకు, ఇంకా ముందుకు, తెరముందు దాకా. వెలుగు కళ్ళలో కొట్టింది. ఇటు తిరిగి నిలబడ్డాను. నా నీడ ఆట ఆడే మనుషులందరి మీదా పడి ఉంటుంది.

"ఎవరది?"

"అమ్మా, కూర్చోండి!"

"ఏయ్, కూర్చోవమ్మా!"

"కూర్చోండి మేడమ్, ప్లీజ్!" ఇది ఇన్‌ఛార్జ్.

హాలు హాలంతా కూర్చోమంటోంది. నా వెనక తెర మీద పాట ఆగింది, కుర్చీల కోసం పరుగులు. నిలబడ్డవాళ్ళకి ఏమవుతుందో అక్కడ అందరికీ తెలుసు. నేను నిలబడ్డాను. కాళ్ళు నొప్పెట్టలేదే అక్కా.

లైట్లు వేశారు. డైరెక్టర్ కుర్రాడే, ముప్ఫై దాటి ఉండడు. కోపంగా వచ్చాడు. "ఏంటండీ ఇది?"

పలక ఎత్తి పట్టుకున్నాను. రాత్రే పెద్ద అక్షరాలతో రాసుకున్నాను: '87 నోరు మూసుకునే ఉంది. అరిచింది ఎవరు?'

"సార్, ఆవిడకి ఒంట్లో బాలేదు" అంటూ ఇన్‌ఛార్జ్ నా చెయ్యి పట్టుకోబోయాడు.

చివరి వరసలోంచి బాబాయ్ గొంతు. ముప్ఫై ఏళ్ళు మైకుల్ని బెదరగొట్టిన గొంతు. "ఒంట్లో బానే ఉందయ్యా, గొంతులోనే బాలేదు. ఆ గొంతు ఎక్కడుందంటావా, మూడో రౌండ్‌లో ఉంది. డైరెక్టర్ గారూ, వెనక్కి తిప్పి ఒక్కసారి వినండి. చెల్లెలి అరుపు తీసి పడిపోయేదానికి వేశారు, అదీ చెల్లెలు ఎదురుగుండా కూర్చునుండగా!"

"అలాంటివి ఎవరూ గమనించరండీ" అన్నాడు ఇన్‌ఛార్జ్.

"నేను గమనించాను" అంది మా అమ్మాయి. గొంతు కీచుగా వచ్చింది. "మా క్లాసంతా కూడా గమనిస్తారు. నేనే చెప్తాను."

ఎవరో నవ్వారు. డైరెక్టర్ నవ్వలేదు. "తిప్పండి" అన్నాడు. చూశాడు. ఇంకోసారి తిప్పమన్నాడు. రెండోసారి అతని మొహం ఎర్రబడింది. నామీద జాలితో కాదు, తన పనిలో తప్పు పట్టుబడినందుకు. నాకు అది చాలు. జాలికంటే అదే గట్టిది.

"ఎన్నిచోట్ల ఉందిది?"

రికార్డిస్ట్ లేచాడు. "ఎపిసోడ్‌లో ఇంకో రెండు సార్. ట్రైలర్‌లో మూడు." లెక్క అతని దగ్గర సిద్ధంగా ఉంది. ఎన్నాళ్ళుగా ఉందో.

"ఎపిసోడ్‌లో తీసెయ్యండి. ట్రైలర్ బయటికి వెళ్ళిపోయింది, ఇక నేనేం చెయ్యలేను." నావైపు తిరిగాడు. "మరి వాళ్ళకి ఎవరు అరుస్తారు?"

మా నలుగురిలో చిన్నది, మేం చిలక అని పిలిచే పిల్ల చెయ్యెత్తింది. "నేను ఇస్తానండీ. పడిపోయే అరుపు, వేరేది."

సంచీలోంచి కాగితం తీసి ఇన్‌ఛార్జ్ చేతిలో పెట్టాను. నాలుగో పేజీ చూశాడు. తర్వాత వెనక్కి తిప్పి చూశాడు, సంతకం పొరపాటున అటువైపు పెట్టానేమోనని.

జూన్ 23

కబురు వచ్చింది. రెండో ఎపిసోడ్‌నుంచి నేను లేను. చిలక ఫోన్ చేసి ఏడ్చింది. నేను మాట్లాడలేను కదా, రిసీవర్ మీద వేలితో రెండుసార్లు తట్టాను. అర్థమైందనుకుంటాను.

భయంగా ఉంది. తప్పు చేశానని మాత్రం లేదు. ఈ రెండూ ఒకేచోట ఉండగలవని ఇన్నేళ్ళూ ఎందుకు తెలియలేదు?

జూలై 6

ఎపిసోడ్ వచ్చింది. ఆ అరుపు వినబడ్డప్పుడల్లా ఒక వేలు మడుద్దామని అమ్మాయి చెయ్యి చాపుకుని చూసింది. ఒకటే వేలు మడిచింది.

టైటిల్స్‌లో నా పేరు లేదు. బాబాయ్ పేరు కూడా లేదు. ప్రివ్యూ మర్నాడే వెళ్ళి సంతకం వెనక్కి అడిగాడట. "ఈసారి కళ్ళజోడు తీసుకెళ్ళానమ్మా" అని కబురు పెట్టాడు.

జూలై 14

ఆరు వారాలు. బుడిపెలు కరిగాయి. డాక్టరమ్మ గొంతు చూసే గొట్టం తీసి, "ఏదైనా ఒక్క మాట అనండి. మెల్లగా. మీకు నచ్చింది" అంది.

ఆరు వారాలుగా ఎన్ని మాటలు సిద్ధం చేసుకున్నానో. అక్క పేరు అనుకున్నాను, అమ్మాయి పేరు అనుకున్నాను.

నోరు తెరిచాను. గొంతు పాతది కాదు. కొంచెం బరువుగా, అడుగున గరుకుగా ఉంది.

"వద్దు" అన్నాను.

ఆవిడ కంగారుపడింది. "ఏం వద్దు? నొప్పిగా ఉందా?"

"లేదండీ" అన్నాను. "వస్తుందో లేదో చూసుకుంటున్నాను."